పెంచి పంపించే ఇల్లు: హెన్రీ స్ట్రీట్ ఇంతకాలం ఎలా నిలిచింది?

2012 జనవరి నెలాఖరులో షికాగోలో ఒక సేవాసంస్థ దివాలా తీసింది. దాని పేరు జేన్ ఆడమ్స్ హల్ హౌస్ అసోసియేషన్. 1889లో ఆ ఇంటిని మొదలుపెట్టిన ఇద్దరు మహిళల్లో ఒకరైన జేన్ ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. అమెరికాలో సంఘసేవ చరిత్ర ఎవరు రాసినా మొదట చెప్పేది హల్ హౌస్ గురించే. మార్చి దాకా నడిపి మూసేస్తామని ప్రకటించిన నిర్వాహకులు అంతవరకు కూడా లాగలేకపోయారు. దాదాపు 300 మంది సిబ్బంది ఉన్నపళంగా రోడ్డున పడ్డారు.

ఇంచుమించు హల్ హౌస్ వెలిసిన కాలంలోనే, అదే ఆలోచనతో న్యూయార్క్‌లో పుట్టిన హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ మాత్రం ఇప్పటికీ పనిచేస్తోంది. 1893లో ఇద్దరు నర్సులతో మొదలైన ఈ సంస్థ ఇప్పుడు ఏటా సుమారు 50 వేల మందికి ఏదో ఒక రూపంలో అండగా ఉంటోంది. ముసలివాళ్ల ఇంటికి భోజనం పంపడం, నిలువనీడ లేని కుటుంబాలకు తాత్కాలిక నివాసం చూపడం, బడి వదిలాక పిల్లలను కనిపెట్టుకుని ఉండడం, ఉద్యోగ శిక్షణ, మానసిక వైద్యం, నాటకశాల, చిత్రకళ అన్నీ ఒకే సంస్థ చేతుల్లో ఉన్నాయి. కీర్తిలో హల్ హౌస్ కన్నా ఒక మెట్టు కిందనే ఉన్న ఈ ఇల్లు ఎలా నిలిచిందన్నది ఆలోచించదగ్గ విషయం. దాతలు మంచివాళ్లు దొరికారనో, నాయకులు సమర్థులనో తేల్చేస్తే సరిపోదు. అలాంటివాళ్లు హల్ హౌస్‌కూ ఉన్నారు.

పేదలకు సాయం చేయాలంటే పేటలోకి వెళ్లి వచ్చేయడం కాదు, అక్కడే కాపురం పెట్టాలి అన్నది సెటిల్‌మెంట్ ఉద్యమానికి మూలసూత్రం. 1884లో లండన్ తూర్పు పేటలో శామ్యూల్, హెన్రియెట్టా బార్నెట్ దంపతులు టాయిన్‌బీ హాల్ తెరిచి విశ్వవిద్యాలయాల్లో చదివిన యువకులను అక్కడ ఉంచారు. ఆ పద్ధతి రెండేళ్లలో న్యూయార్క్ చేరింది, మరో మూడేళ్లలో షికాగోలో హల్ హౌస్ వెలిసింది. ఈ ఉద్యమంలో దొరతనం లేకపోలేదు. పైతరగతి వాళ్లు వచ్చి వలస కుటుంబాలకు 'పద్ధతులు' నేర్పడం అందులో ఎప్పుడూ ఒక పాలు ఉండేది. అయితే హెన్రీ స్ట్రీట్‌కు ఒక వెసులుబాటు దొరికింది. అక్కడికి వచ్చినవాళ్లు ఉపన్యాసాలు పట్టుకుని కాదు, మందులపెట్టె పట్టుకుని వచ్చారు.

లిలియన్ వాల్డ్ 1867లో పుట్టారు, 1891లో నర్సు శిక్షణ పూర్తిచేశారు. 1893లో మాన్‌హటన్ దిగువ తూర్పు ప్రాంతమైన లోయర్ ఈస్ట్ సైడ్‌లో వలస మహిళలకు ఇంటి దగ్గర రోగులను ఎలా చూసుకోవాలో పాఠాలు చెబుతున్నారు. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదులు, ఇటాలియన్లు గాలీ వెలుతురూ లేని అద్దె మేడల్లో కిక్కిరిసి బతికే పేట అది. ఒకరోజు తరగతి మధ్యలో ఒక చిన్నపిల్ల వచ్చి, మా అమ్మకు బాగోలేదు రమ్మంది. వాల్డ్ ఆ పిల్ల వెంట లడ్లో స్ట్రీట్‌లోని ఒక ఇంటికి వెళ్లారు. రెండు గదుల్లో ఏడుగురి కుటుంబం, అది చాలక అద్దెకు చేర్చుకున్న మనుషులు. తల్లికి ప్రసవమై రక్తస్రావం అవుతోంది, చూసే దిక్కు లేదు. వాల్డ్ తాను అప్పుడు చదువుతున్న వైద్య కళాశాల మానేసి, తోటి నర్సు మేరీ బ్రూస్టర్‌తో కలిసి ఆ పేటలోనే మకాం పెట్టారు.

రెండేళ్లు తిరక్కుండానే జేకబ్ షిఫ్ అనే బ్యాంకు యజమాని హెన్రీ స్ట్రీట్‌లో 265వ నంబరు ఇల్లు కొని వాళ్లకు ఇచ్చారు. సొమ్ము ఇచ్చి ఊరుకోలేదు, పని ఎలా నడుస్తోందో వాల్డ్ నుంచి క్రమం తప్పకుండా నివేదికలు తెప్పించుకున్నారు. ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఏ జబ్బు చూశారు, ఏం చేశారు అన్నది కాగితం మీదికి ఎక్కించే అలవాటు అలా పడింది. తరువాత వాల్డ్ ఎక్కడ వాదన వినిపించినా ఆ లెక్కలే ఆమెకు ఆయుధాలయ్యాయి.

ఆ నర్సుల పని తీరు వివరంగా చూడదగ్గది. డాక్టరు చీటీ అక్కర్లేదు, ఇరుగుపొరుగువాళ్లు కబురు చేస్తే చాలు. ఏ మతమని అడిగేవాళ్లు కాదు. ఇచ్చుకోగలిగినవాళ్లు కొన్ని సెంట్లు ఇచ్చేవాళ్లు, లేనివాళ్లకు ఉచితం. ఐదారు అంతస్తుల మేడలు, లిఫ్టులు లేవు. ఒక మేడ పై అంతస్తులో రోగిని చూసి దిగి, పక్క మేడ మెట్లు మళ్లీ ఎక్కాలంటే రోజులో సగం శక్తి మెట్లకే పోతుంది. అందుకని నర్సులు డాబా మీదికి ఎక్కి, పిట్టగోడలు దాటుకుంటూ, నల్ల సంచి చేతపట్టుకుని ఒక డాబా నుంచి మరో డాబాకు వెళ్లేవాళ్లు. అలా గోడ దాటుతున్న నర్సు ఫోటో అమెరికా వైద్యచరిత్ర మీద వచ్చిన చాలా పుస్తకాల్లో ఉంటుంది. చూడటానికి సాహసంలా ఉంటుంది గాని, అది కేవలం పని సులువు చేసుకునే తెలివి. పేటలో కాపురం ఉన్నవాళ్లకే తట్టే తెలివి కూడా. 1913 నాటికి అక్కడ 92 మంది నర్సులు, ఏడాదికి రెండు లక్షల గృహ సందర్శనలు. రోగి ఇంటికే వెళ్లి, జబ్బుతో పాటు ఆ ఇంటి పరిస్థితినీ పట్టించుకునే ఈ నర్సింగ్‌కు ప్రజారోగ్య నర్సింగ్ అని పేరు పెట్టింది వాల్డే.

అసలు కిటుకు 1902లో బయటపడింది. న్యూయార్క్ బడుల్లో అప్పటికే డాక్టర్ల తనిఖీ ఉంది. తామర, గజ్జి, పేలు, ట్రాకోమా అనే కంటి జబ్బు కనిపిస్తే పిల్లలను ఇంటికి పంపేసేవాళ్లు. పంపడం వరకే. ఇంట్లో వైద్యం చేసే దిక్కు లేదు కాబట్టి పిల్ల నెలల తరబడి వీధుల్లో తిరిగేది, మళ్లీ అదే జబ్బుతో బడికొచ్చి మళ్లీ వెనక్కి వెళ్లేది. తనిఖీ పక్కాగా జరిగేకొద్దీ తరగతులు ఖాళీ అయ్యేవి. వాల్డ్ నగర అధికారులతో ఒక ఒప్పందం చేసుకున్నారు. తన నర్సుల్లో ఒకరిని ఒక నెలపాటు నాలుగు బడులకు ఇస్తారు, ఫలితం కనిపిస్తే ఆ పని నగరమే తలకెత్తుకోవాలి. అక్టోబరులో లీనా రోజర్స్ పని మొదలుపెట్టారు. చిన్న జబ్బులకు బడిలోనే పూత మందు రాసి తరగతికి పంపేవారు, సాయంత్రం ఇళ్లకు వెళ్లి తల్లులకు శుభ్రం చేసే పద్ధతి చూపేవారు. నెల తిరిగేసరికి నగర ఆరోగ్య బోర్డు సొంత ఖర్చుతో మరికొందరు నర్సులను నియమించింది. 1902 సెప్టెంబరులో జబ్బుల పేరుతో బడి నుంచి వెనక్కి పంపిన కేసులు 10,567. ఏడాది తరువాత అదే నెలలో 1,101.

ఆ ఒప్పందంలోని షరతే ఈ సంస్థ నూట ముప్పై ఏళ్ల బతుకుకు తాళంచెవి. బడి నర్సులను హెన్రీ స్ట్రీట్ తన దగ్గరే ఉంచుకోవచ్చు, దాతల దగ్గర చందాలు వసూలు చేసి ఏటా పది బడులకు విస్తరించవచ్చు, వార్షిక నివేదికలో గొప్పగా రాసుకోవచ్చు. చాలా సంస్థలు చేసేది అదే. వాల్డ్ మాత్రం పని జరుగుతుందని నిరూపించి, దాన్ని సర్కారు చేతిలో పెట్టి తప్పుకున్నారు.

అదే వరస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. హెన్రీ స్ట్రీట్‌లో కాపురమున్న ఫ్లారెన్స్ కెల్లీ బాలకార్మిక వ్యవస్థ మీద ఎడతెగని పోరాటం చేసిన మనిషి. ఒక ఉదయం ఫలహారాల బల్ల దగ్గర ఆమె, వాల్డ్ పేపరు చూస్తుండగా, దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి కాయలను తొలిచే పురుగు చేసిన నష్టాన్ని పరిశీలించడానికి వ్యవసాయ మంత్రి స్వయంగా బయలుదేరారన్న వార్త కనబడిందట. పత్తి పురుగు కోసం కదిలే ప్రభుత్వంలో పిల్లల చావుబతుకులు చూసే శాఖ ఎందుకు లేదన్న ప్రశ్న ఆ బల్ల దగ్గర పుట్టింది. దాదాపు పదేళ్ల ఒత్తిడి తరువాత, 1912లో, అమెరికా కేంద్ర ప్రభుత్వం బాలల విభాగాన్ని ఏర్పాటుచేసింది. 1909లో మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీ తన పాలసీదారులకు ఇంటికి వచ్చే నర్సుల సేవ ఇవ్వడం మొదలుపెట్టిందీ వాల్డ్ మాట మీదే. కంపెనీకి అందులో లాభం ఉంది, మనిషి ఎక్కువకాలం బతికితే క్లెయిము ఆలస్యమవుతుంది. ఆ లాభాన్ని లెక్కవేసి చూపడానికి వాల్డ్ ఏమాత్రం మొహమాటపడలేదు.

చివరికి ఏ పని కోసం ఇల్లు వెలిసిందో ఆ పనినే హెన్రీ స్ట్రీట్ వదులుకుంది. 1944లో ఇంటింటి నర్సుల విభాగం వేరుపడి న్యూయార్క్ విజిటింగ్ నర్స్ సర్వీస్‌గా మారింది. ఇప్పుడు వీఎన్‌ఎస్ హెల్త్ పేరుతో అది అమెరికాలో ఈ రంగంలోని పెద్ద సంస్థల్లో ఒకటి. గుండెకాయ తీసి ఇచ్చేశాక మరో సంస్థ అయితే జ్ఞాపకాల ప్రదర్శనశాలగా మిగిలేది. హెన్రీ స్ట్రీట్ అలా కాలేదంటే, అప్పటికే అక్కడ వేరే పనులు మొలకెత్తాయి.

వాటిలో నాటకం ఒకటి. 1915లో ఆలిస్, ఐరీన్ లూయిసాన్ అనే అక్కచెల్లెళ్లు గ్రాండ్ స్ట్రీట్‌లో నైబర్‌హుడ్ ప్లేహౌస్ కట్టించారు. మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. 1924లో ఆ వేదిక మీద శూద్రకుడి 'మృచ్ఛకటికం' ఇంగ్లీషు అనువాదంలో ఆడారు. పేద చారుదత్తుడి కథను బట్టల కర్మాగారాల కార్మికులుండే పేటలో ఆడించాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, అంతకన్నా తగిన చోటు దొరకదు. ప్లేహౌస్ నాటక బృందం 1927లో ఆగిపోయి, ఆ పేరు వేరే చోట నటనా పాఠశాలగా కొనసాగింది. అదీ సాగనంపుడే. భవనం హెన్రీ స్ట్రీట్‌కే మిగిలి, ఇప్పుడు అబ్రాన్స్ ఆర్ట్స్ సెంటర్‌లో భాగంగా ఉంది.

ఈ చరిత్రలో అన్నీ మెరుపులే అనుకోవద్దు. 1909లో నల్లజాతివారి హక్కుల కోసం ఏర్పడుతున్న జాతీయ సంఘం, తరువాత ఎన్‌ఏఏసీపీగా పేరుపడినది, తొలి సదస్సు జరిపినప్పుడు తెల్లవారూ నల్లవారూ కలిసి విందు చేసుకోవడానికి హెన్రీ స్ట్రీట్ తన భోజనశాల తెరిచింది. అది ఆ రోజుల్లో సాహసమే. 1906లోనే ఎలిజబెత్ టైలర్ అనే నల్లజాతి నర్సును ఉద్యోగంలోకి తీసుకుంది. కానీ ఆమెను, తరువాత వచ్చినవాళ్లను, ఎక్కువగా నల్లజాతి పేటలకే పంపింది, వాళ్ల కోసం వేరే శాఖ నడిపింది. కాలం కన్నా ముందున్న సంస్థ కూడా కాలపు గీతను పూర్తిగా దాటలేదు. ఇక మొదటి ప్రపంచయుద్ధానికి వ్యతిరేకంగా వాల్డ్ బహిరంగంగా నిలబడినప్పుడు కొందరు దాతలు చేయి వెనక్కి తీసుకున్నారు. 1919లో, దేశానికి ప్రమాదకరమైన వాళ్లంటూ సెనేట్ కమిటీ ముందు పెట్టిన జాబితాలో ఆమె పేరు, జేన్ ఆడమ్స్ పేరు ఉన్నాయి. అంతకు కొన్ని నెలల ముందే, 1918 ఫ్లూ విజృంభించినప్పుడు, న్యూయార్క్ నర్సులందరినీ ఒక తాటి మీదికి తెచ్చింది ఈ 'ప్రమాదకరమైన' మనిషే.

1933లో వాల్డ్ తప్పుకున్నాక హెలెన్ హాల్ పగ్గాలు అందుకుని 1967 దాకా నడిపారు. వాల్డ్‌కు వచ్చినంత పేరు ఆమెకు రాలేదు, అది న్యాయం కాదు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగుల ఇళ్ల నుంచి సేకరించిన వివరాలతో ఆమె సామాజిక భద్రత చట్టానికి సలహా ఇచ్చే మండలిలో కూర్చున్నారు. 1946లో పేటవాళ్ల కోసం మానసిక వైద్యశాల తెరిచారు. యువకుల ముఠా తగాదాలకు విరుగుడు వెతుకుతూ హెన్రీ స్ట్రీట్‌లో మొదలైన చర్చలే 1962లో మొబిలైజేషన్ ఫర్ యూత్ అనే పెద్ద పథకమయ్యాయి. నేరం యువకుల స్వభావంలో లేదు, అవకాశాలు లేకపోవడంలో ఉంది అన్న ఆ పథకపు ఆలోచన రెండేళ్లకు ప్రెసిడెంట్ జాన్సన్ పేదరికం మీద ప్రకటించిన యుద్ధంలోకి వెళ్లింది. ఆ పథకంలో కమ్యూనిస్టులు దూరారని పత్రికలు గోల చేశాయి. పాత పాటే.

ఇదే తరహా ఇళ్ల ఆలోచన మన దేశానికీ వచ్చింది. 1920లలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ బొంబాయిలోని నాగ్‌పాడాలో నైబర్‌హుడ్ హౌస్ నడిపారు. అక్కడ పని చేయడానికి శిక్షణ పొందిన మనుషులు కావాలన్న అవసరమే 1936లో దొరాబ్జీ టాటా సంఘసేవా పాఠశాలకు దారితీసింది. తరువాత టాటా సామాజిక శాస్త్రాల సంస్థగా మారింది అదే. హైదరాబాద్ ప్రాంగణంలో చదువుతున్న తెలుగు విద్యార్థుల చదువుకు వేరు నాగ్‌పాడాలోని ఆ ఇంట్లో ఉంది. ఇక్కడ కూడా ఇల్లు కన్న బిడ్డ ఇంటిని మించిపోయింది.

మళ్లీ హల్ హౌస్ దగ్గరికి వస్తే, దాని కథ 2012లో కాదు, 1960లలోనే మలుపు తిరిగింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణం కోసం హల్ హౌస్ సముదాయంలో రెండు భవనాలు తప్ప అన్నీ పడగొట్టారు, చుట్టూ ఉన్న వలసల పేటను ఖాళీ చేయించారు. మిగిలిన భవనాలు మ్యూజియం అయ్యాయి. సంస్థ నగరమంతా చెల్లాచెదురుగా కేంద్రాలు పెట్టుకుని సేవలు కొనసాగించింది. సేవ మిగిలింది, పొరుగు పోయింది. క్రమంగా ఆదాయంలో 80 శాతానికి పైగా సర్కారు కాంట్రాక్టుల నుంచే రావడం మొదలైంది. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత రాష్ట్రం బొక్కసం ఎండిపోగానే, మా పేట, మా ఇల్లు అని దానికి అండగా నిలబడేవాళ్లు లేకపోయారు.

హెన్రీ స్ట్రీట్ పేట కూడా మారింది, అయితే ఇల్లు కదల్లేదు. యూదులు, ఇటాలియన్లు వెళ్లిపోయారు, పోర్టోరికో వాళ్లు, నల్లజాతివాళ్లు, చైనీయులు వచ్చారు. 1967లో పునర్నిర్మాణం పేరుతో సీవార్డ్ పార్క్ పక్కన దాదాపు 1,800 కుటుంబాలను, ఎక్కువగా పోర్టోరికన్లను, ఖాళీ చేయించి, ఆ స్థలాన్ని నలభై ఏళ్లకు పైగా బీడుపెట్టారు. 1972లో హెన్రీ స్ట్రీట్ ఇల్లు కోల్పోయిన కుటుంబాలకు అర్బన్ ఫ్యామిలీ సెంటర్ తెరిచింది. హాల్లో వరసగా మంచాలు వేసి పడుకోబెట్టే పద్ధతి కాదది. ప్రతి కుటుంబానికి తలుపు వేసుకోగల సొంత వాటా, వంట చేసుకునే వీలు. తన పొయ్యి తాను వెలిగించుకునే తల్లి పిల్లల మీద పెత్తనం కోల్పోదు. ఆ తరువాత వచ్చిన కుటుంబ ఆశ్రయాలకు ఇది నమూనా అయింది.

ఈమధ్య సంపన్నుల అపార్టుమెంట్ల వంతు వచ్చింది. దగ్గర్లోని టూ బ్రిడ్జెస్ ప్రాంతంలో పేదలు సరుకులు కొనుక్కునే పాత్‌మార్క్ సూపర్‌మార్కెట్ 2012 చివర మూతపడి, ఆ స్థలంలో 250 మీటర్లకు పైబడిన ఎత్తున విలాస భవనం లేచింది. సగటు ఆదాయం పెరిగిన పేట కాగితం మీద పేదగా కనబడదు. అక్కడే ప్రభుత్వ గృహసముదాయాల్లో ఒంటరిగా బతికే ముసలివాళ్లు లెక్కల్లోంచి జారిపోతారు. అదే ఏడాది అక్టోబరు ఆఖరులో శాండీ తుఫానుకు దిగువ మాన్‌హటన్ చీకట్లో మునిగింది. లిఫ్టులు ఆగాయి, పంపులు ఆగాయి, పై అంతస్తులకు నీళ్లు లేవు. హెన్రీ స్ట్రీట్ సిబ్బంది భోజనాలు మోసుకుంటూ మెట్లెక్కారు. ఏ తలుపు వెనుక ఎవరున్నారో, ఎవరికి చక్కెర జబ్బో, ఎవరికి చెవులు వినబడవో వాళ్లకు ముందే తెలుసు. విపత్తు నిర్వహణ శాఖ ఎంత పెద్దదైనా ఆ సమాచారాన్ని ఒక్క రాత్రిలో సంపాదించలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఫోను సహాయకేంద్రం, సరుకుల పంపిణీ అంత తొందరగా మొదలవడానికీ కారణం ఇదే.

అలాగని హెన్రీ స్ట్రీట్ భద్రంగా ఉందని చెప్పడానికి లేదు. వాల్డ్ కాలంలో పని ఇంట్లో పుట్టి సర్కారుకు చేరేది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగం నుంచి దారి తిరగబడింది. సర్కారు తన పనిని కాంట్రాక్టు రూపంలో ఇలాంటి ఇళ్లకు అప్పజెబుతోంది, ఖర్చు అంతా ఇవ్వకుండా, ఇచ్చేది కూడా ఆలస్యంగా ఇస్తూ. న్యూయార్క్‌లో సేవాసంస్థలు పని మొదలుపెట్టి నెలలు గడిచినా కాంట్రాక్టు కాగితాలు పూర్తికాకపోవడం పాత రోగం. జీతాలివ్వడానికి సంస్థలు అప్పులు చేస్తాయి, ఆ వడ్డీ ఎవరూ ఇవ్వరు. 2022లో నగరం ప్రత్యేకంగా పూనుకుని పాత బకాయిల చిక్కు విప్పితే 400 కోట్ల డాలర్లకు పైగా సొమ్ముకు దారి తెరుచుకుంది. అంత సొమ్ము కాగితాల్లో ఇరుక్కుపోయిందంటే, నగరం తన పేదల సేవకు పేదల సంస్థల దగ్గరే అప్పు తీసుకుంటోందన్నమాట.

ఈ ఏర్పాటులో కొత్త ఆలోచనకు చోటు తక్కువ. కాంట్రాక్టులో రాసిన పని చేయాలి, రాసినన్ని తలలు లెక్క చూపాలి. బడి నర్సు ఒప్పందంలాంటిది ఇప్పుడు కుదరాలంటే ముందు టెండరు పిలవాలి. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఆ పేటలోనే 1940లో కట్టిన వ్లాడెక్ ప్రభుత్వ గృహసముదాయంలో చాలామంది అక్కడే ముసలివాళ్లయ్యారు. వాళ్లను వృద్ధాశ్రమాలకు తరలించే బదులు, నర్సు, సామాజిక కార్యకర్త, కాలక్షేపం అన్నీ ఆ మేడల దగ్గరికే తెచ్చే కార్యక్రమాన్ని 1994లో హెన్రీ స్ట్రీట్ అక్కడ మొదలుపెట్టింది. ప్రభుత్వ గృహాల్లో అలాంటి ప్రయత్నానికి అది తొలి అడుగుల్లో ఒకటి. ఆ తరువాత రాష్ట్రం, నగరం ఇటువంటి కార్యక్రమాలకు బడ్జెట్లో పద్దు పెట్టాయి. తేడా ఏమిటంటే, 1902లో నగరం నర్సులను తన ఉద్యోగులుగా తీసుకుంది. ఇప్పుడు పద్దు సర్కారుది, మనుషులు సంస్థవాళ్లు, ఏటా బడ్జెట్ సమయంలో ఆ పద్దు నిలబెట్టమని అడగవలసిన పని కూడా సంస్థవాళ్లదే.